జుంకీ పక్కన చూపు

బళేపేట సందులో అంజినమ్మ గాజుల అంగడి, వెనక గది. 2003వ సంవత్సరం, ఒక శనివారం మధ్యాహ్నం. మాట్లాడుతున్నది అంజినమ్మ, ఆమె మనవరాలు కిరణ్మయి.

"సెలవు, సెలవు అంటే ఎన్ని దినాలు పిల్లా సెలవు? రా, ఇట్ల దగ్గరికి వచ్చి కూచో. గడప దగ్గర నిలబడి చెప్తే నాకు వినపడదు. ఈ చాపమీదికి రా."

"వినపడదా? పొద్దున వీధి కొసలో దోసకాయలమ్మే ఆమె అరిస్తే నీకే ముందర వినపడింది గదవ్వా."

"ఆమె గొంతు వేరే. నీవు గొణుగుతావు. కొంచెం గట్టిగా మాట్లాడు, అంతే."

"ఉండేది మనిద్దరం. ఎంత గట్టిగా మాట్లాడాల?"

"చుట్టూ గాజుల పెట్టెలు. అట్టపెట్టెలు మాట మింగేస్తాయి. కాఫీ తాగు."

"మూడు లోటాలు పెట్టినావే. ఇంకెవరు వస్తారు?"

"మీ తాతకు."

"తాత పోయి పదకొండేండ్లు ఆయె. ఫోటోకు కాఫీ పెట్టింది నేను ఏ దినమూ చూడలేదు."

"ఈ దినం పెట్టబుద్ధి ఆయె. తప్పా? కట్టుకున్నోడికి కాఫీ ఇచ్చేదానికి నీ దగ్గర పర్మిషన్ తీసుకోవాలనా?"

"తాతకు టీ గదా ఇష్టం."

"మాట తిప్పద్దు. పోయిన వారం సోమవారం షూటింగుకు పోతివి. సాయంత్రం వస్తివి. బ్యాగు ఆ మూల పెడ్తివి. పన్నెండు దినాలు ఆయె, బ్యాగు ఇంగా ఆ మూలనే ఉండాది. సొంత అన్న పెండ్లికి ఒక పూట సెలవు ఇయ్యని టీవీవాళ్లు ఇప్పుడు పన్నెండు దినాలు ఎట్ల ఇచ్చినారు?"

"ఒంట్లో బాగలేదని చెప్పినాను."

"బాగలేని ఒళ్లు పొద్దున నాలుగు దోసెలు తిన్నె."

"అవ్వా."

"సుమ్నె, ఊరికే అడుగుతాండా. లెక్కపెట్టలేదు లే, నేనే పోసినాను గాబట్టి తెలుసు."

"సరే, నేనూ ఒకటి అడుగుతా. గడప దగ్గర ఆ బూట్లు ఎవరివి?"

"ఏ బూట్లు?"

"నల్లవి. పాలిష్ చేసినవి. మొగవాళ్ల బూట్లు. యాడో చూసినట్టుండాయి."

"అవా. గిరాకీవి."

"గాజులకు మొగమనిషి వచ్చినాడా? యాడ మరి ఆయన?"

"సైజు మరిచిపోయినాడు. ఇంటికి పోయి కనుక్కొని వస్తా అన్నాడు."

"బూట్లు ఇడిచి పోయినాడా?"

"తొందరలో ఉండాడు. ఈ కాలం మొగోళ్లకు ఏమి గుర్తుంటాది? చెయ్యి ఇట్ల ఇయ్యి. మాట్లాడతా గాజులు తొడుగుతా. గాజుల అంజినమ్మ మనవరాలు మొండిచేతులతో తిరిగితే ఈ సందులో నేను తలెత్తుకునేదా?"

"షూటింగ్‌లో గాజులేసుకోకూడదవ్వా. గలగలమంటే మైకులో పడతాది. అందుకే తీసిపెడతాను. నీకు నూరుసార్లు చెప్పినా."

"ఇప్పుడు నీ ముందర మైకు లేదు. ఇయ్యి. ఇవి నేను దీపావళికి వేసిన నీలం గాజులే గదా, నీ బ్యాగులో ఉన్నె. ఆరు వేస్తి, అయిదే ఉండాయి."

"ఒకటి పోయింది."

"యాడ?"

"షూటింగ్‌లోనే. తీసి స్టూలుమీద పెట్టినాను. సాయంత్రం చూస్తే అయిదే ఉన్నాయి. ఎప్పుడో పోయింది, చాలా నెలలాయె. పగిలుంటాది."

"పగిలితే పెంకులు ఉండాల."

"ఊడ్చేసుంటారు. ఒక గాజుకు ఇంత విచారణా?"

"నీ సంగతి వద్దులే. కన్నడ సీరియల్ సంగతి చెప్పు. మీ 'అడ్డగోడె'కు ఏమాయె?"

"ఏమాయె అంటే?"

"రెండేండ్లుగా చూస్తాండాం. గోడకు ఈ పక్క లాయరు, ఆ పక్క డాక్టరమ్మ. దానిమీద వానికి మనసు, వానిమీద దానికి. చెప్పుకోరు. చెప్పబోతే కుక్కర్ కూస్తాది. ఇంగోసారి చెప్పబోతే కరెంటు పోతాది. ఇంగోసారి ఊర్నుంచి దొడ్డప్ప, అదే పెదనాయన, దిగుతాడు, చేతిలో పనసపండు పట్టుకొని."

"కావాలనే అట్ల రాస్తారవ్వా. చెప్పుకుంటే సీరియల్ అయిపోయినట్టే. ఇంకో చానెల్లో ఒకదాంట్లో ఇద్దరికీ పెండ్లి చేసేసినారు, రెండు నెలలకు మూతపడింది. పెండ్లైనోళ్లను ఎవరు చూస్తారు అంటాడు మా డైరెక్టర్ దేవరాజ్ సార్. జనం చూసేది కథను కాదంట, ఆ ఇద్దరి నడుమ ఉండే దారాన్నంట. అది తెగకూడదు, ముడి పడకూడదు. అట్లే లాగతా ఉండాల."

"ఆ దారమే తెగింది."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాల? పక్కింటి భాగీరథమ్మ దినమూ ఏడున్నరకు ఈడికే గదా వచ్చేది. మొన్న సగంలో లేచి పాయె, పొయ్యిమీద పప్పు మాడుతాదని. ఈ రెండేండ్లలో ఎన్నిసార్లు మాడిందో పప్పు. ఒక్కసారన్నా లేచిందా? పోయిన శుక్రవారం దాకా బాగుండె. ఈ సోమవారం నుంచి ఇద్దరూ రేషన్ అంగడి క్యూలో నిలబడినట్టు మాట్లాడుకుంటాండారు. ముందర ఆ అబ్బాయి చూస్తే నాకే, ఈ వయసులో, చెంగు సర్దుకోబుద్ధి అయ్యేది. ఇప్పుడు ఆ చూపు లేదు."

"నీకు అట్ల అనిపిస్తాది."

"నాకేనా? చానెల్లో ఫోన్లు మోగతాలేదా?"

"మోగతాయంట. మా అసిస్టెంట్ స్టాన్లీ చెప్పినాడు. అక్కడ ఒకర్నొకరు అనుమానంగా చూసుకుంటాండారంట. మేకప్ ఆయన అంటాడు, ఇద్దరూ రహస్యంగా రిజిస్టర్ పెండ్లి చేసుకున్నారని. కెమెరా ఆయన అంటాడు, కాదు, తగవు పడినారని. డాక్టరమ్మ వేషమేసే పుష్పావతికి సినిమా వచ్చింది, ఈ సీరియల్ చెడగొట్టి పోవాలని చూస్తాంది అని ఇంకొకరు. దేవరాజ్ సార్ వేరే వేరే పిలిచి అడిగినాడంట. లాయరు వేషమేసే శశిధర్ సార్ ఏమీ లేదు అన్నాడంట. పుష్పావతీ ఏమీ లేదు అనిందంట. ఇద్దరూ ఏమీ లేదనేసరికి అనుమానం ఇంకా పెద్దదైంది."

"నీవేమనుకుంటాండావు?"

"నేనేం అనుకుంటాను."

"నీకు అన్నీ తెలుసు."

"తెలిసినా తెలియకపోయినా ఒకటే."

"చూడు, అడ్డగోడమీద దీపం పెట్టినట్టు మాట్లాడతావు. ఈ పక్కకూ వెలుగు లేదు, ఆ పక్కకూ లేదు. గట్టిగా చెప్పు."

"పత్రికలో రాసినారు గదా, ఇద్దరి ఫోటో వేసి. తొందరలోనే నిజం పెండ్లి అని. అదే నిజమై ఉంటాది. బయట నిజంగా దగ్గరైనాక కెమెరా ముందర ఆ బిగి ఉండదు. అందుకే చప్పగా అయ్యింది. ఇంతే. ఇందులో రహస్యం ఏముండాది."

"ఆ మాట అంటాంటే నీ గొంతు ఎందుకు అట్ల అయ్యింది?"

"కాఫీ వేడిగా ఉంది."

"నీవు లోటా ముట్టనే లేదు."

"అవ్వా, మెల్లగా తొడుగు. నొప్పి."

"నొప్పి గాదు. నేను తొడుగుతాంటే యాభై ఏండ్లలో ఎవరికీ నొప్పి రాలేదు. విను. ఆ పుష్పావతి మన అంగడికి వచ్చింది, సీరియల్లో అక్క సీమంతం సీనుకు గాజులు కావాలని. గుర్తుందా?"

"రెండు నెలల ముందర. నేనే తీసుకొస్తిని."

"నీవు ముందరి అంగట్లో కుంకుమ భరిణెలు చూస్తాంటివి. నేను ఇదే గదిలో ఆ పిల్లకు తొడిగితి. చేతికి అబద్ధం చెప్పడం రాదమ్మా. మొగుడితో తగవు పడిన ఆడదాని బొటనవేలు లోపలికి మడుచుకోదు. ఏడ్చి వచ్చినదాని అరచెయ్యి చల్లగా ఉంటాది. మనసులో ఎవరన్నా ఉంటే, ఆ పేరు ఎత్తినప్పుడు చెయ్యి ఒక్క గడియ బిగుసుకుంటాది, గాజు మెటికల దగ్గర ఆగిపోతాది. ఆ పిల్ల చెయ్యి పట్టుకొని నేను కావాలనే అంటి, శశిధర్ మంచి పిల్లోడమ్మా, ఈడూ జోడూ అని. చెయ్యి చపాతీ పిండి మాదిరి మెత్తగా ఉండాది. గాజు జారి మోచేతిదాకా పాయె."

"అందుకని?"

"అందుకని ఆ పిల్ల మనసులో వాడు లేడు. నవ్వింది గూడా. ఏమనిందో తెలుసా? అవ్వా, నాకు దావణగెరెలో మేనబావతో నిశ్చయమైంది, చెప్పద్దన్నారు మా ప్రొడ్యూసర్, జనం మమ్మల్ని జంట అనుకుంటేనే సీరియల్ నడుస్తాదంట. ఇంగా ఏమనిందంటే, ఆయన నా మొహం చూసి మాట్లాడితే నాకు యాక్టింగ్ సులువయ్యేది, ఎప్పుడూ నా చెవిని చూస్తాడు అని."

"పుష్పావతికి నిశ్చయమైందా?"

"అయ్యింది."

"మేనబావతోనా?"

"ఎరువుల అంగడంట."

"నాకు ఒక్క మాట చెప్పలేదు."

"నీవు అడిగితివా? పత్రిక చదివి కూచుంటివి. అది గాదు, చెవిని చూస్తాడు అనింది గదా, ఆ మాట నా తలలో ఇరుక్కుంది. ఆ దినంనుంచి నేను వాని కండ్లే చూస్తాండా. భాగీరథమ్మ కథ చూస్తాది, నేను కండ్లు చూస్తా. నిజమే. ఆ చూపు పుష్పావతి మీద లేదు. ఎడమ చెవి జుంకీ పక్కనుంచి పోతాది. వెనక ఎవరో నిలబడినట్టు."

"ఎవరో ఏంది. నేనే."

"ఆ?"

"నేనేనవ్వా నిలబడేది. ప్రాంప్టింగ్. ఆయన మాట్లాడేటప్పుడు కెమెరా ఆమె భుజం వెనక ఉంటాది. దాని పక్కన నేను నిలబడి మాటలు చదువుతాను, ఆయన విని పలుకుతాడు. మాట కోసం చూస్తాడు. మనిషి కోసం కాదు. అందరూ అట్లే చూస్తారు."

"చెవితో వినేదానికి కండ్లెందుకు?"

"అది… అలవాటు."

"వానికి మతిమరుపా?"

"లేదు. నాటకాల్లోంచి వచ్చినాడు. మూడు గంటల నాటకం ఒక్క ముక్క పోకుండా చెప్తాడంట. ఈ సీరియల్లోనే ఎందుకో రెండు మాటలకు గూడా ప్రాంప్టింగ్ కావాలంటాడు. దేవరాజ్ సార్ నవ్వుతాడు, నాటకంలో సింహం, టీవీలో పిల్లి అని."

"ఇప్పుడు ఎవరు చదువుతాండారు?"

"స్టాన్లీ."

"స్టాన్లీ చదివితే?"

"అదే విచిత్రం. స్టాన్లీ చెప్పినాడు, ఇప్పుడు ఆయనకు ప్రాంప్టింగే అక్కర్లేదంట. గడగడా అప్పజెప్తాడంట. ఒక్కటే టేకు. ఎనిమిది గంటల పని అయిదు గంటల్లోనే అయిపోతాదంట. అయినా బాగలేదంటారు."

"మే, నీవు డిగ్రీ చదివినదానివి. నేను మూడో తరగతిలో పలక పగలగొట్టుకొని ఇంటికి వచ్చినదాన్ని. నీకు ఇందులో ఏమీ అనుమానం రాలేదా?"

"దేనికి అనుమానం?"

"ముందర మాట మాటకూ ఆగేవాడు. మింగేవాడు. ఎదురుచూసేవాడు. ఆ ఆగడం చూసే గదా ఊరంతా అబ్బా ఎంత ప్రేమరా అనుకునింది. తీసింది శని, ఆదివారాలు పోను నాలుగు దినాలకు టీవీలో వస్తాదని నీవే చెప్తివి. చూపు పోయింది ఈ సోమవారం. అంటే తీసింది పోయిన వారం మంగళవారం కావాల. నీవు మానింది ఎప్పుడు?"

"సోమవారం సాయంత్రం."

"చూడు."

"అవ్వా, ఊరికే లేనిపోనివి కల్పించద్దు. నేను తల వంచుకొని కాగితం చూస్తా ఉంటాను. ఒక లైను తప్పితే తిట్లు. ఆయన మొహం నేను ఎప్పుడు చూస్తాను? రెండేండ్లలో ఆయన బూట్లు తప్ప నేను ఏమీ చూడలేదు."

"అదే చెప్తాండా. ఊరంతా చూసింది. నీవొక్కదానివే చూడలేదు."

"అక్కడ నేను మనిషిని గాదవ్వా, ఒక గొంతు. గొంతుకు మొహం ఉండదు. ఎవరో ఒకరు చదవాల, అది నేను. రేపు ఇంకొకరు."

"రేపు అంటే గుర్తొచ్చె. రేపు ఏమి?"

"ఏమి?"

"బ్యాగులో గాజులు తీసేటప్పుడు రైలు టికెట్టు కనపడింది. చదవడం రాదు గాని టికెట్టు ఏదో, బస్సు పాస్ ఏదో తెలుసు నాకు."

"హైదరాబాదుకు. రేపు సాయంత్రం. డబ్బింగ్ స్టూడియోలో పని దొరికింది. చీకటి గదిలో కూచొని తెరలో పెదవులకు మాటలు రాయాల. ఎవరికీ చదివి వినిపించే పని లేదు. ఈ రాత్రి చెప్దామనుకున్నా."

"నాకు చెప్తావు సరే. ఆడ ఎవరికన్నా చెప్తివా?"

"స్టాన్లీకి ఫైలు ఇచ్చినాను గదా. అదే చెప్పినట్టు."

"ఆ అబ్బాయికి?"

"ఆయనకు నేనెందుకు చెప్పాల? ఆయనకు నేనెవరు?"

"ఆగింది చూడు."

"ఏంది?"

"గాజు. మెటికల దగ్గర."

"సైజు చిన్నది."

"నీ అయిదో నెలనుంచి ఈ చేతికి గాజులు తొడుగుతాండా. నాకు సైజు చెప్తావా? రెండూ నాలుగు. మొన్నటిదాకా నీళ్లలో జారినట్టు జారేవి. వదులుగా పెట్టు. శశిధర్. చూడు, మళ్లా బిగిసె. మాలూరు పక్క పిల్లోడు, ఇంట్లో మనట్లే తెలుగు మాట్లాడతాడు, తండ్రి లేడు, అమ్మను చూసుకుంటాడు. మళ్లా బిగిసె."

"నీకు ఎట్ల తెలుసు?"

"ఏంది?"

"ఇంట్లో తెలుగని, తండ్రి లేడని. నేనెప్పుడూ చెప్పలేదే. ఇది ఏ పత్రికలోనూ రాయలేదు."

"భాగీరథమ్మ చెప్పింది."

"భాగీరథమ్మకు ఎవరు చెప్పినారు?"

"నీవు నన్ను విచారణ చేస్తాండావా, నేను నిన్ను చేస్తాండానా?"

"ఆ చప్పుడేంది? పెట్టెల వెనక గాజులు గలగలమన్నాయి."

"ఎలుక."

"గాజుల అంగట్లో ఎలుకకు ఏముంటాది?"

"నీకు అలవాటైన మాటే గదా, ఏమీ లేదు అని. ఎలుకకూ ఏమీ లేదు. సుమ్నె వస్తాది. ఆ సోమవారం ఏమాయెనో చెప్పు. గట్టిగా చెప్పు."

"ఏమీ కాలేదు."

"కిరణా."

"గోడ సీను తీసినారు."

"శుక్రవారం వచ్చినదా? వాడు గోడకు ఈ పక్కనుంచి చెప్తాడు, ఆ పక్క ఆమె మిక్సీ వేసుకొని ఉంటాది, వినపడదు. ఆ దినం ఈ సందులో స్కూటర్ గూడా తిరగలేదు మే. భాగీరథమ్మ నా చెంగుతో ముక్కు తుడుచుకునింది."

"అది పదిహేడో టేకు."

"అంటే?"

"పదహారుసార్లు తప్పైంది. పదిహేడోసారి సరిపోయింది."

"ఎవరు తప్పు చేసింది?"

"ఆయనే. ఒకసారి మధ్యలో ఆగిపోయినాడు. ఒకసారి మళ్లా చదవండి అన్నాడు. ఒకసారి సరిగ్గా వినపడలేదు అన్నాడు. నేను పక్కనే ఉన్నా."

"మాట ఎంత పొడుగు?"

"చిన్నదే."

"ఏమి మాట?"

"కన్నడంలో ఉంది."

"నాకు కన్నడం రాదా? ఈ ఊర్లో పుట్టి… సరే, మనట్ల చెప్పు."

"గోడకు చెవులుంటాయంటారు. రెండేండ్లుగా నేను గోడకే చెప్తాండాను. ఈ దినం నీకు చెప్తాను. నీవు లేని ఇంట్లో నాకు దీపం పెట్టబుద్ధి కాదు."

"ఇంతేనా?"

"ఇంతే. కానీ అవ్వా, ప్రాంప్టింగ్ అంటే నీకు తెలీదు. ముందర నేను చెప్పాల, ఆమేలె, నా తర్వాత, ఆయన. నీవు లేని ఇంట్లో అని నేను ఆయనకు చెప్తాను. నీవు లేని ఇంట్లో అని ఆయన ఆమెకు చెప్తాడు. పదిహేడు సార్లు. అరవైమంది ముందర. లైట్లవాళ్లు ఉన్నారు, భోజనం తెచ్చినోళ్లు ఉన్నారు, పుష్పావతి వాళ్లమ్మ ఉంది. ఒక్కరికీ అనుమానం రాదు. ఎందుకంటే అది నా పని."

"పదిహేడోసారి?"

"వదిలెయ్యవ్వా."

"పదిహేడోసారి ఏమాయె?"

"కాగితం చూడలేదు. అక్షరాలు కనపడలేదు. కండ్లు మూసుకొని చెప్పినాను. ఆయన గూడా ఈసారి ఆగకుండా చెప్పినాడు. ఓకే అన్నాడు దేవరాజ్ సార్. అందరూ చప్పట్లు కొట్టినారు ఆయనకు. నేను ఫైలు స్టాన్లీ చేతిలో పెట్టి బస్సెక్కినాను. నా మాట తీసుకొనిపోయి ఇంకొకరికి ఇచ్చేది ఇంకోసారి నేను చూడలేను. అందుకే హైదరాబాదు. చాలా? తెలిసిందా నీకు?"

"ఏడవద్దు. కొంగు తీసుకో. నేను నీకు ఒకటి చెప్తా, విను. మా అమ్మ నన్ను ఈ అంగడికి మొదటిసారి తెచ్చినప్పుడు నాకు పదహారేండ్లు. మీ తాత చిక్కమునియప్ప అప్పుడు గల్లామీద కూచునేవాడు గాదు, వాళ్ల నాయన కూచునేవాడు. ఈయన గాజులు తొడిగేవాడు. బళేపేటలో అంత పనితనం ఇంగొకరికి లేదు. బాలింత చేతికి, వాచిన చేతికి, రొట్టె కాల్చి కాయలు కాసిన చేతికి, ఎవరికైనా సరే ఒక్క గాజు చిట్లకుండా తొడుగుతాడని పేరు. నా చేతికి తొడుగుతాంటే ఒకటి టపుక్కుమనె. సరే అంటిమి. రెండోది పగిలె. మూడోదీ పగిలె. వాళ్ల నాయన గల్లామీదినుంచి గుర్రుమని చూస్తాండాడు. మా అమ్మ బయటికి వచ్చి అనింది, ఈ పిల్లోనికి పని రాదే, ఇంగో అంగడికి పోదాం అని."

"తర్వాత?"

"పెండ్లైనాక ముప్పై తొమ్మిదేండ్లు ఆయన పక్కన కూచుని చూస్తి. ఒక్క గాజు పగలగొట్టలేదు. ఒక దినం అడిగితి, ఆ పొద్దు మూడెట్ల పగిలినాయప్పా అని. ఆయన ఏమన్నాడు? ఊరికే తొడిగితే రెండు నిమిషాల్లో అయిపోయేది, నీవు చెయ్యి తీసుకొని లేచిపోయేదానివి అన్నాడు."

"అవ్వా."

"పని రానోడు తప్పు చేస్తే పని రాదనుకోవాల. పని వచ్చినోడు తప్పు చేస్తే అనుమానించాల. మూడు గంటల నాటకం నోట్లో పెట్టుకున్నోడు నాలుగు మాటలకు పదహారుసార్లు మరిచిపోయినాడంట. దానికి నీవు ఏడ్చి, ఫైలు ఇచ్చేసి, రైలు టికెట్టు కొనుక్కుంటివి."

"అట్ల గాదు. ఆయన అలిసిపోయుంటాడు. ఆ దినం పొద్దున ఏడునుంచి షూటింగ్. నీవు అంతా నీకు కావాల్సినట్టు అతికిస్తాండావు. ఒకవేళ అట్ల ఏమీ లేకపోతే? పోయి నిలబడి, నవ్వులపాలు కావాలనా నేను? జంట బాగుందని ఊరంతా అనుకుంటాంటే, మధ్యలో ఈ కాగితం చదివేదెవరు అంటారు."

"అనుకోనీ. ఒక్క మాట అడుగుతా, ఇంగ అడగను. ఆ పదిహేడోసారి నీవు చెప్పింది కాగితం మాటా, నీ మాటా?"

"కాగితంది గాదు."

"గట్టిగా."

"నా మాటే."

"ఇంగా కొంచెం గట్టిగా."

"నా మాటే అవ్వా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"పదిహేడుసార్లు అడగను లే. ఇప్పుడు చెయ్యి ఇయ్యి. చూడు, ఎంత వదులుగా అయ్యిందో. అయిదూ జారిపాయె. ఇదిగో, ఆరోది."

"ఆరోది ఎక్కడిది? నీలం, చుక్క కూడా… ఈ చిన్న గీటు నాదే. ఇది నా గాజే గదా. ఇది షూటింగ్‌లో పోయింది గదా."

"పోలేదు. ఒకరి జేబులో తిరుగుతాండె ఇన్ని నెలలు."

"ఎవరు తెచ్చి ఇచ్చినారు?"

"సైజు మరిచిపోయిన గిరాకీ."

"ఎవరవ్వా? గట్టిగా చెప్పు."

"శశిధరప్పా, పెట్టెల సందులోనుంచి మెల్లగా బయటికి రా, మీద పడతాయి. నీ కాఫీ చల్లారిపాయె. అంతా విన్నావు గదా, ఒక్క ముక్క పోకుండా గుర్తు పెట్టుకో. ముందర దీనికి చెప్పు, ఆమేలె మీ అమ్మకు, మీ దేవరాజ్ సారుకు, అడిగినోళ్లందరికీ ఇట్లే చెప్పు, ప్రాంప్టింగ్ లేకుండా."